గెలిచిన చికిత్స ఏది? బోర్డర్‌లైన్ డిజార్డర్‌పై మూడు దశాబ్దాల పరిశోధన ఏం చెబుతోంది

2009లో కెనడాలోని టొరంటో నుంచి వచ్చిన ఒక ట్రయల్ ఫలితం సైకోథెరపీ రంగంలో చాలామందిని ఇరకాటంలో పెట్టింది. ట్రయల్‌లో ఉన్నవాళ్లు 180 మంది. అందరికీ బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఉంది. అందరూ అంతకుముందు ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లో, తమను తాము గాయపరచుకున్నవాళ్లో. లాటరీ తీసినట్టు వాళ్లను రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీ ఇచ్చారు. ఈ జబ్బుకి అంతకు మించినది లేదని అప్పటికే దానికి పేరు. రెండో గుంపుకి జనరల్ సైకియాట్రిక్ మేనేజ్‌మెంట్ అనే సాదాసీదా పేరున్న పద్ధతి: వారం వారం మాట్లాడటం, అవసరాన్ని బట్టి మందులు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ స్వీయగాయాలు తగ్గాయి, ఎమర్జెన్సీ వార్డుకి పరుగులు తగ్గాయి, డిప్రెషన్, కోపం తగ్గాయి. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం కనబడలేదు.

"అయితే ఏ థెరపీ అయినా ఒకటేనన్నమాట" అని తేల్చేసినవాళ్లున్నారు. ఆ ట్రయల్ చెప్పింది అది కాదని నా ఉద్దేశం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు జబ్బు సంగతి. అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథంలో దీనికి 1980లో చోటు దక్కింది. ఇప్పటి కూర్పు తొమ్మిది లక్షణాలు చెబుతుంది. మనవాళ్లు వదిలేస్తారేమోనన్న విపరీతమైన భయం, ఒకే మనిషిని ఇవాళ దేవుణ్ణి చేసి రేపు శత్రువుగా చూడటం, "నేనెవర్ని" అన్నది నిలకడగా లేకపోవడం, ముందూ వెనకా చూడని దుడుకు పనులు, ఆత్మహత్యాయత్నాలు లేదా స్వీయగాయాలు, గంటల్లో మారిపోయే మనఃస్థితి, లోపలంతా ఖాళీగా ఉన్నట్టు తోచడం, అదుపు తప్పే కోపం, ఒత్తిడిలో అనుమానాలు ముసరడమో తనను తాను దూరం నుంచి చూస్తున్నట్టు అనిపించడమో. వీటిలో ఐదు ఉంటే నిర్ధారణ చేయొచ్చు. లెక్కేస్తే 256 రకాల కలయికలు వస్తాయి. ఒకే జబ్బు పేరు మోసే ఇద్దరి మధ్య ఉమ్మడి లక్షణం ఒక్కటే ఉండొచ్చు. ఈ గజిబిజి వల్లే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో పర్సనాలిటీ డిజార్డర్ల పాత రకాలను తీసేసి, సమస్య స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్న కొలమానం పెట్టింది. బోర్డర్‌లైన్‌ను మాత్రం ఒక అదనపు గుర్తుగా ఉండనిచ్చింది. కారణం ఊహించడం కష్టం కాదు: చికిత్సల మీద జరిగిన పరిశోధనలో సింహభాగం దాని మీదే జరిగింది.

ఆసుపత్రుల్లో ఈ పేరుకి మంచి పేరు లేదు. "కష్టమైన పేషెంటు", "మనల్ని ఆడిస్తారు" అనే మాటలు డాక్టర్ల నోటే వినబడేవి, ఇప్పటికీ వినబడతాయి. ఇంట్లోవాళ్ల భాషలో అదే "నాటకాలు", "బెదిరింపులు". కొన్ని దశాబ్దాలపాటు దీనికి చికిత్సే లేదని వృత్తి మొత్తం నమ్మింది.

ఆ నమ్మకాన్ని కదిలించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షా లీనహన్‌ని. పదేపదే ఆత్మహత్యకు ప్రయత్నించే మహిళలకు ఆమె మొదట ఇచ్చింది మామూలు బిహేవియర్ థెరపీయే: సమస్య గుర్తించు, ఆలోచన మార్చు, ప్రవర్తన మార్చు. అది బెడిసికొట్టింది. "అంటే తప్పంతా నాదేనా?" అని పేషెంట్లు భగ్గుమన్నారు, లేదా రావడం మానేశారు. సరేనని పూర్తిగా ఓదార్పు వైపు మళ్లితే, "నా బతుకు ఇలా తగలబడుతుంటే మీరు తలూపుతూ కూర్చుంటారా?" అన్నారు. రెండూ న్యాయమైన ఫిర్యాదులే. "ఉన్నది ఉన్నట్టు ఒప్పుకో", "ఉన్నది మార్చుకో" అనే రెండు ఎదురెదురు మాటల్ని ఒకే గంటలో పట్టుకుని నడవడమే డీబీటీకి మూలసూత్రం. 2011లో లీనహన్ తన సొంత కథ బయటపెట్టారు. పదిహేడేళ్ల వయసులో, 1961లో, ఆమె కూడా హార్ట్‌ఫర్డ్‌లోని ఒక మానసిక వైద్యశాలలో తీవ్రమైన స్వీయగాయాలతో పేషెంటుగా ఉన్నారు. అప్పటి డాక్టర్లు రాసిన జబ్బు స్కిజోఫ్రీనియా.

ఆమె వాదన ప్రకారం ఈ జబ్బుకి కేంద్రం ఉద్వేగ నియంత్రణ. కొందరికి పుట్టుకతోనే ఉద్వేగం తొందరగా రేగుతుంది, ఎక్కువగా రేగుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. మూడోది చాలామంది పట్టించుకోరు గానీ అదే కీలకం. మొదటి గాయం చల్లారకముందే రెండోది తగిలితే ఉద్వేగం కింది మెట్టుకి దిగే వీలే ఉండదు. ఒళ్లంతా కాలి చర్మం ఊడిపోయిన మనిషికి గాలి తగిలినా మంటే అన్నది లీనహన్ ఇచ్చిన పోలిక. దీనికి తోడు, పిల్ల ఏడిస్తే "ఏమంత జరిగిందని?", భయపడితే "భయమేంటి సిగ్గులేకుండా?", అరిచి గోల చేస్తే మాత్రం వెంటనే అందరూ పరిగెత్తుకొచ్చే వాతావరణం. అలాంటి చోట పెరిగే పిల్ల తన లోపల ఏం జరుగుతోందో పేరుపెట్టడం నేర్చుకోదు. చిన్నగా చెబితే ఎవరికీ వినబడదని మాత్రం నేర్చుకుంటుంది. ఇందులో తల్లిదండ్రులు దుర్మార్గులు కానక్కర్లేదు. సాదాసీదా పిల్లలకు సరిపోయే పెంపకం ఈ పిల్లకి సరిపోకపోవచ్చు.

ఇక్కడ కాసేపు ఆగి, ఉద్వేగ నియంత్రణ అంటే ఏమిటో చూడాలి. మన ఇళ్లలో దానికి ఉన్న అర్థం దిగమింగుకోవడం. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ 1998లో ప్రచురించిన ప్రయోగం ఆ అర్థానికి గట్టి దెబ్బ. చెయ్యి తీసేసే శస్త్రచికిత్స వీడియో కొందరికి చూపించారు. ఒక గుంపుకి "మీ ముఖంలో ఏమీ కనబడనివ్వకండి" అన్నారు. ఇంకో గుంపుకి "అంటీముట్టనట్టు, అందులోని సాంకేతిక వివరాల మీదే దృష్టి పెట్టి చూడండి" అన్నారు. రెండో గుంపులో వెగటు తగ్గింది. మొదటి గుంపులో ముఖం మీద కదలిక తగ్గింది గానీ, లోపల వెగటు అంతే ఉంది. పైగా శరీరంలో ఒత్తిడి స్పందనలు పెరిగాయి. దిగమింగడం ఎదుటివాళ్లకి ఉపశమనం, మింగినవాళ్లకి కాదు.

అలాగని చూసే తీరు మార్చుకోమని అందరికీ చెప్పేస్తే సరిపోతుందా? పోదు. ఉద్వేగం మోస్తరుగా ఉన్నప్పుడు మనుషులు ఆలోచన మార్చుకునే దారిని ఎంచుకుంటారు, తీవ్రంగా ఉన్నప్పుడు దృష్టి మళ్లించే దారినే ఎంచుకుంటారు అని గాల్ షెప్పెస్, గ్రాస్ తదితరులు 2011లో చూపించారు. మండిపోతున్న మనిషితో "ఇంకో కోణంలో ఆలోచించు" అంటే అది చెవికెక్కదు. డీబీటీలో తీవ్రస్థాయికి వేరే సాధనాలు ఉండటానికి కారణం ఇదే. అందులో మొదటిది వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది: ఊపిరి బిగబట్టి ముఖాన్ని చన్నీళ్లలో కాసేపు ముంచడం. నీళ్లలో మునిగినప్పుడు గుండె వేగం తగ్గించే ప్రతిచర్య ఒకటి శరీరంలో ఉంది, దాన్ని వాడుకుంటారు (గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా చేయకూడదు). ఉద్వేగం ఒక మెట్టు దిగాకే ఆలోచనతో పని.

ఇంకో సంగతి ఉంది. కిమ్ గ్రాట్జ్, లిజబెత్ రోమర్ 2004లో తయారుచేసిన 36 ప్రశ్నల కొలమానం ఈ రంగంలో విరివిగా వాడతారు. అందులో "నాకు కోపం ఎంత వస్తుంది" అన్నదాని మీద పట్టింపు లేదు. వచ్చిన ఉద్వేగాన్ని ఒప్పుకోగలరా, దాన్ని గుర్తుపట్టి అదేమిటో స్పష్టంగా చెప్పగలరా, అది ఉండగానే పని చేసుకోగలరా, దుడుకుని ఆపుకోగలరా, తేరుకునే దారి ఉందని నమ్ముతారా అని అడుగుతుంది. బాధ పడినందుకు సిగ్గు, సిగ్గుపడినందుకు కోపం, కోపం వచ్చినందుకు మళ్లీ అపరాధభావం. చాలాసార్లు మనిషిని ముంచేది మొదటి ఉద్వేగం కాదు, దాని వెనక వరసకట్టే ఇవి.

ఒక ఊహాజనిత సందర్భం తీసుకుందాం. రాత్రి తొమ్మిదికి స్నేహితురాలు ఫోన్ ఎత్తలేదు. పదిన్నరకి ఈ అమ్మాయి ఆమె నంబరు బ్లాక్ చేసింది. పన్నెండుకి తనను గాయపరచుకుంది. డీబీటీ థెరపిస్టు తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య నిమిషం నిమిషం విప్పుతారు. ఆ రోజు అన్నం తిన్నావా, నిద్రపోయావా, ఫోన్ ఎత్తనప్పుడు మొదట వచ్చిన ఆలోచన ఏది, ఒంట్లో ఏమైంది, ఏ మెట్టు దగ్గర ఏ నైపుణ్యం వాడి ఉంటే కథ వేరేలా ఉండేది? విసుగొచ్చేంత వివరంగా సాగుతుంది ఈ పని. తర్వాతిసారి దీన్ని తప్పించుకోవడానికైనా పేషెంటు మధ్యలో ఫోన్ చేసి సాయం అడుగుతారని సరదాగా అంటుంటారు. ఫోన్ కూడా చికిత్సలో భాగమే. వారానికో వ్యక్తిగత సెషన్, నైపుణ్యాలు నేర్పే గ్రూపు తరగతి వారానికొకటి, మధ్యలో ఫోన్ సాయం, థెరపిస్టులకు వాళ్ల సొంత బృందం: పూర్తి డీబీటీ అంటే ఈ నాలుగూ.

ఇదే సందర్భాన్ని లండన్‌లో ఆంటొనీ బేట్‌మన్, పీటర్ ఫోనగీ ఇంకోలా చదువుతారు. ఎదుటి మనసులో ఏముందో మనం చేసేది ఊహే అన్న ఎరుక ఆ గంటలో కూలిపోయింది, "నన్ను వదిలించుకుంటోంది" అన్న ఊహ నిజమై కూర్చుంది అంటారు. వాళ్ల మెంటలైజేషన్ చికిత్సలో థెరపిస్టు తీర్పులు చెప్పడు, "ఆమె వైపు ఏం జరిగి ఉండొచ్చు?" అని తెలియనివాడిలా ఆరా తీస్తాడు. అమెరికా మనోవిశ్లేషకుడు ఒట్టో కెర్న్‌బర్గ్ సంప్రదాయంవాళ్లు మనుషులు పూర్తి మంచిగానో పూర్తి చెడుగానో చీలిపోవడాన్ని చూస్తారు. ఆ చీలిక థెరపిస్టుతో సంబంధంలోనే బయటపడేదాకా ఆగి, అక్కడ పట్టుకుంటారు. స్కీమా థెరపీ చూసేది ఒంటరిగా వదిలేయబడిన చిన్నపిల్లని, ఆ పిల్లని తిట్టిపోసే లోపలి గొంతుని.

కారణాల విషయంలో వీళ్లకి ఒకరికొకరికి పడదు. ఫలితాల విషయంలో మాత్రం అందరికీ చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంది. 1991లో వచ్చిన లీనహన్ మొదటి ట్రయల్‌లో డీబీటీ తీసుకున్న మహిళల్లో స్వీయగాయాలు, ఆసుపత్రిలో గడిపిన రోజులు తగ్గాయి, మధ్యలో మానేసేవాళ్లు తగ్గారు. డిప్రెషన్‌లోనూ, ఆత్మహత్య ఆలోచనల్లోనూ మాత్రం మామూలు వైద్యం పొందిన గుంపుతో తేడా రాలేదు. ప్రచారంలో ఈ రెండో సగం తరచూ జారిపోతుంది. బేట్‌మన్, ఫోనగీ తమ పేషెంట్లను ఎనిమిదేళ్ల తర్వాత వెతికి చూశారు: మెంటలైజేషన్ చికిత్స పొందినవాళ్లలో 13 శాతానికే ఇంకా జబ్బు నిర్ధారణ వర్తించింది, మామూలు వైద్యం పొందినవాళ్లలో 87 శాతానికి. చూడటానికి అద్భుతమే గానీ, మొత్తం కలిపి నలభై చిల్లర మంది. నెదర్లాండ్స్‌లో 2006 నాటి మూడేళ్ల ట్రయల్‌లో స్కీమా థెరపీ కెర్న్‌బర్గ్ పద్ధతిని మించింది. మరుసటి ఏడాది అమెరికాలో కెర్న్‌బర్గ్ వర్గం 90 మందితో చేసిన ట్రయల్‌లో వాళ్ల పద్ధతి, డీబీటీ, ఆసరా చికిత్స మూడూ చాలా కొలతల్లో మెరుగుదల చూపించాయి. ఎవరి ట్రయల్‌లో వాళ్ల చికిత్సకి కాస్త ఎక్కువ మార్కులు పడటం ఈ రంగానికి కొత్త కాదు. 75 ట్రయల్స్‌నీ, 4,507 మందినీ కలిపి 2020లో వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది: సైకోథెరపీ మామూలు వైద్యం కంటే మెరుగు, ప్రభావం మధ్యస్థం, ఆధారాల నాణ్యత చాలావరకు తక్కువే.

ఇందులో మెలిక "మామూలు వైద్యం" అన్న మాటలో ఉంది. ఒక పద్ధతి అంటూ లేని వైద్యంతో పోల్చినప్పుడు అందరూ గెలిచారు. లీనహన్ దీన్ని గ్రహించి, 2006లో 101 మంది మహిళలతో చేసిన ట్రయల్‌లో పోటీగా నిలబెట్టింది ఊళ్లో నిపుణులని పేరున్న థెరపిస్టులని. అక్కడ కూడా డీబీటీ గుంపులో ఆత్మహత్యాయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. అంటే థెరపిస్టుకి అనుభవం ఒక్కటీ చాలదు. ఇప్పుడు టొరంటో ట్రయల్‌కి తిరిగి వెళితే, అక్కడి రెండో గుంపుకి అందింది అనుభవజ్ఞుడైన డాక్టరు తోచినట్టు చేసే వైద్యం కాదు. ఈ జబ్బు కోసమే రాసుకున్న పద్ధతి, ఈ పేషెంట్లతో పనిచేయడం ఇష్టపడే డాక్టర్లు, వాళ్లకి వారం వారం పర్యవేక్షణ. డీబీటీ ఓడిపోయిందని నేననుకోను. దానికి సరైన జోడీ ఎదురైంది.

మరి అన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటి? జబ్బు పేరు దాచకుండా చెప్పడం, రాసిపెట్టుకున్న ఒప్పందం, సంక్షోభం వస్తే ఎవరు ఏం చేస్తారో ముందే తేల్చుకోవడం, మాట్లాడే థెరపిస్టు, అతని వెనక అతన్ని కాపాడే బృందం. ఆ చివరిది రోగి కంటికి కనబడదు, అందుకే ముందు కోత పడేది దానికే. అయితే ఉమ్మడి అంశాలతోనే కథ అయిపోదు. 2010లో ఆండ్రాడా నెయాచియు, లీనహన్ తదితరులు పాత ట్రయల్స్ సమాచారం తిరగేసి చూస్తే, మెరుగుదల నైపుణ్యాలను నిజంగా వాడటంతో ముడిపడి ఉందని తేలింది. 2015లో లీనహన్ తన చికిత్సనే మూడు ముక్కలు చేసి 99 మందిపై పరీక్షించారు: పూర్తి డీబీటీ, నైపుణ్య తరగతులకు కేస్ మేనేజ్‌మెంట్ జోడించినది, తరగతులు తీసేసి వ్యక్తిగత సెషన్లు ఉంచినది. ఆత్మహత్యాయత్నాలు మూడింటిలోనూ తగ్గాయి. స్వీయగాయాలు, డిప్రెషన్ విషయంలో నైపుణ్యాల తరగతి ఉన్న రెండు గుంపులే మెరుగ్గా ఉన్నాయి. సొంత చికిత్సని ఇలా విప్పి చూపించిన వ్యవస్థాపకులు అరుదు.

మందుల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. బోర్డర్‌లైన్ డిజార్డర్‌కే ప్రత్యేకంగా మందులు వాడొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2009లోనే చెప్పింది. ఎంతో ఆశ పెట్టుకున్న లామోట్రిజిన్ అనే మందుని 2018లో 276 మందిపై ఏడాదిపాటు పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా రాలేదు. డిప్రెషన్ లాంటివి జతగా ఉంటే వాటికి మందులు అవసరమవుతాయి, అది వేరే సంగతి. మానాలన్నా డాక్టరుతో మాట్లాడే మానాలి.

"ఇది జీవితాంతం ఉంటుందా?" అన్న ప్రశ్నకి పరిశోధకురాలు మేరీ జనరీనీ దగ్గర సమాధానం ఉంది. బోస్టన్ దగ్గర మెక్‌లీన్ ఆసుపత్రిలో చేరిన 290 మందిని 1992 నుంచి ఆమె బృందం రెండేళ్లకోసారి పలకరిస్తూ వచ్చింది. పదేళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు జబ్బు నిర్ధారణ వర్తించనంతగా లక్షణాలు తగ్గాయి. నయం కాదన్న పాత మాట ఇక్కడ చెల్లదు. కానీ లక్షణాలు తగ్గడమే కాక, ఒక మంచి అనుబంధం, నిలకడైన చదువో ఉద్యోగమో కూడా ఉన్నవాళ్లు సగమే. టొరంటో పేషెంట్లలో కూడా చికిత్స ముగిసి రెండేళ్లయ్యాక సగానికి పైగా చదువులోనూ లేరు, పనిలోనూ లేరు. గాయపరచుకోవడం మానేసిన మనిషికి సోమవారం పొద్దున వెళ్లడానికి ఒక చోటు కావాలి. చికిత్సలు దాన్ని అందరికీ ఇవ్వలేకపోయాయి. జనరల్ సైకియాట్రిక్ మేనేజ్‌మెంట్‌ని తీర్చిదిద్దినవాళ్లలో ఒకరైన జాన్ గండర్సన్ అందుకే ప్రేమకంటే ముందు పని చూసుకోమనేవారు. కటువుగా ఉంది గానీ లెక్కలు ఆయన వైపే ఉన్నాయి.

మిగతా పర్సనాలిటీ డిజార్డర్ల మీద ఆధారాలు పలచన. 2014లో నెదర్లాండ్స్‌లో 323 మందిపై జరిగిన ట్రయల్‌లో, జనంలోకి రావడానికే వెనకాడే రకం, ఇతరుల మీద పూర్తిగా ఆధారపడే రకం వంటివాళ్లకి స్కీమా థెరపీ మెరుగ్గా పనిచేసింది. సోషల్ మీడియాలో రోజూ నలిగే నార్సిసిజం (తనే గొప్ప అన్న ధోరణి) మీద, అంత గోల ఉన్నా, నమ్మదగ్గ ట్రయల్స్ కరువు. సంఘవ్యతిరేక ధోరణి సంగతీ దాదాపు అంతే. ఇంతవరకు చెప్పిన బోర్డర్‌లైన్ ట్రయల్స్‌లోనూ పాల్గొన్నవాళ్లు ఎక్కువగా మహిళలు, అదీ ధనిక దేశాలవాళ్లు.

మన దగ్గర లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని పరిస్థితిలో పూర్తి డీబీటీ బృందం కోసం వెతకడం చాలామందికి అయ్యే పని కాదు. టొరంటో ఫలితం నాకు శుభవార్తగా కనబడేది అందుకే. గండర్సన్ పద్ధతిని ఒక్కరోజు శిక్షణతో మామూలు సైకియాట్రిస్టులకి నేర్పుతున్నారు. అదే టొరంటో బృందం 2022లో 240 మందిపై చేసిన ట్రయల్‌లో ఆరు నెలల డీబీటీ ఏడాది డీబీటీకి తీసిపోలేదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక క్లినిక్‌కి వెళ్లి "మీరు డీబీటీ చేస్తారా?" అని అడిగితే అవునంటారు. ఆ జవాబు వల్ల పెద్దగా ఏమీ తెలియదు. వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, నైపుణ్యాలు నేర్పే గంట వేరుగా ఉందా, అర్ధరాత్రి సంక్షోభం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, మీ కేసుల గురించి మీరు ఎవరితో చర్చిస్తారు, ఎన్ని నెలల తర్వాత పని చేస్తోందో లేదో కలిసి కూర్చుని చూసుకుంటాం అని అడగండి. ఇంట్లోవాళ్లకి జబ్బు గురించి తెలుగులో వివరిస్తారా అని కూడా. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆపొద్దు. డాక్టరు దొరికేలోగా రాత్రి గడవడం కష్టమైతే ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళనైనా ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు.